టిబినే అట

మొదటిసారి నా మెడ తడిమినప్పుడు ఆ డాక్టరు చేతులకు గ్లవ్స్ లేవు. ఎడమ చెవి కింద, దవడ దాటాక, రేగిపండంత గడ్డ. రెండు వేళ్ళతో అటూ ఇటూ కదిపి చూసి "నొప్పుందా?" అన్నాడు. లేదన్నాను. "జ్వరం?" సాయంత్రాలు వస్తోంది సార్, పొద్దునకి పోతోంది అన్నాను. వెళ్ళి కుర్చీలో కూర్చుని మామూలుగా అడిగే ప్రశ్నలు అడిగాడు. వాటిలో ఒకదానికి నేను నిజం చెప్పాను. రెండోసారి మెడ చూడ్డానికి లేచినప్పుడు సొరుగు లాగి, గ్లవ్స్ తీసి తొడుక్కున్నాడు.

గడ్డ అదే, మెడ అదే. మధ్యలో గడిచింది మహా అయితే మూడు నిమిషాలు.

ఆసుపత్రి ఎక్కడిదో చెప్పను. మా జహీరాబాద్ వాళ్ళం జబ్బు చేస్తే అటు బీదర్ పోతాం, ఇటు సంగారెడ్డి పోతాం, చేతిలో డబ్బుంటే ఇంకాస్త ముందుకు హైదరాబాద్ దాకా పోతాం. ఈ దిక్కుల్లో ఎక్కడో ఒకచోట అనుకోండి. ఆయన్ని తిట్టడానికి ఇది మొదలుపెట్టలేదు. మా చుట్టాల్లో సగం మంది ఆయన దగ్గరికే పోతారు. అమ్మ బీపీ మాత్రలు ఆయన రాసినవే. కరోనా రోజుల్లో తలుపులు మూసుకోకుండా కూర్చున్న కొద్దిమంది డాక్టర్లలో ఆయనొకడు.

2023 దసరాకి ఇంటికెళ్ళాను. గడ్డని ముందు చూసింది అమ్మ. జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలయ్ బలయ్ అని దగ్గరికి తీసుకున్నప్పుడు "మెడ మీద గదేంది బిడ్డా?" అంది. మర్నాడే తీసుకెళ్ళింది. ముప్పై ఒక్క ఏళ్ళ కొడుకుని, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునేవాణ్ణి, చెయ్యి పట్టుకుని. వెయిటింగ్ హాల్లో టీవీ నడుస్తోంది. దానికి వారం ముందే, అక్టోబర్ 17న, సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి మా పెళ్ళిళ్ళ గురించి తీర్పు చెప్పింది. పెళ్ళి ప్రాథమిక హక్కు కాదు, చట్టం చెయ్యాల్సింది పార్లమెంటు అని. దాని మీద ఏదో చర్చ ఇంకా సాగుతూనే ఉంది. కింద పట్టీలో 'స్వలింగ సంపర్కులు' అని పోతోంది.

ఈ మాట గురించి ఒక్క నిమిషం. తెలుగు పేపర్లు, చానెళ్ళు ఏళ్ళుగా వాడుతున్న మాట ఇదే. పెళ్ళి వార్తకైనా, పిల్లల్ని దత్తత తీసుకునే వార్తకైనా, కలిసి అద్దెకి ఇల్లు వెతుక్కునే వార్తకైనా, వాళ్ళు సంపర్కులే. మా అమ్మానాన్నల్ని ఎవరూ 'భిన్నలింగ సంపర్కుల జంట' అనరు కదా. ఈ మధ్య కొంతమంది 'స్వలింగ ప్రేమికులు' అని రాస్తున్నారు, కొంచెం సినిమాలా ఉంటుంది కానీ మేలే. ఊళ్ళో వాడే మాటలు వేరే. 'పాయింట్ ఫైవ్' స్కూల్లో విన్నాను, కొజ్జా అన్నది అన్నిచోట్లా విన్నాను. డాక్టరు గదిలో కూర్చుని నా గురించి చెప్పడానికి నాకు తెలుగులో మాట దొరకలేదు. ఇంగ్లిష్ మాటే వాడాను.

సంభాషణ ఇలా జరిగింది.

"పెండ్లయిందా?"

"లేదు సార్."

"ముప్పై ఒకటి అంటున్నవ్. ఎందుకు కాలే? బయట సంబంధాలేమన్నా ఉన్నయా?"

ఇక్కడ అబద్ధం చెప్పొచ్చు. ఇన్నేళ్ళూ అన్నిచోట్లా చెప్పినట్టే. కానీ అంతకుముందు ఎక్కడో చదివాను, డాక్టరుకీ లాయరుకీ అబద్ధం చెప్పకూడదని. పైగా జ్వరం. జ్వరంలో మనిషికి కొంచెం ధైర్యం వస్తుందో, ఓపిక పోతుందో.

"నేను గే సార్. నాలుగేళ్ళ నుంచి ఒక పార్ట్‌నర్ ఉన్నాడు."

ఆయన పెన్ను ఆగింది. పరదా వైపు చూశాడు. పరదా అవతల బెంచీ మీద అమ్మ. గొంతు తగ్గించి, "ఒక్కడేనా? మీల అట్ల ఒక్కళ్ళతోనే ఉంటరా?" అన్నాడు. వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలనే అడిగాడు. తర్వాత లేచాడు. గ్లవ్స్. మళ్ళీ గడ్డ. తర్వాత చీటీ మీద నాలుగైదు టెస్టులు, పైన ఒక మూల ఇంగ్లిష్‌లో 'హై రిస్క్' అని. ఏం టెస్టులు అని అడిగితే "అన్నీ రొటీనే" అన్నాడు. లేవబోతుంటే అన్నాడు కదా, "పెండ్లి చేసుకో. అన్నీ సెట్ అయితయ్."

ఇంటికొచ్చాక, జ్వరం మాత్ర వేసుకుని పడుకున్నాక వెలిగింది నాకు ఇందులో ఏముందో. ఆయన నాకు హెచ్ఐవి ఉందని అనుమానిస్తున్నాడు. అనుమానిస్తూనే ఒక ఆడపిల్లని తెచ్చి కట్టుకోమంటున్నాడు. ఈ రెండు ఆలోచనలూ ఒకే తలలో పక్కపక్కన ఎలా కూర్చున్నాయో ఇప్పటికీ అర్థం కాదు.

ఏ టెస్ట్ రాశాడో నాకు ఆయన చెప్పలేదు, ల్యాబ్ వాళ్ళూ చెప్పలేదు. మా తమ్ముడు చెప్పాడు. సొంత తమ్ముడు కాదు, చిన్నమ్మ కొడుకు. ల్యాబ్‌లో రక్తం తీసిన కుర్రాడు వాడితో క్రికెట్ ఆడతాడట. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి, "అన్నా, ఏమనుకోకు, నీకు ఎయిడ్స్ టెస్ట్ రాసిండ్రంట గదా. ఏమైంది?" అన్నాడు. వాడి గొంతులో భయమే ఉంది, ఎగతాళి లేదు. వాడికి తెలిసిందంటే చిన్నమ్మకి తెలుసు. చిన్నమ్మకి తెలిస్తే అమ్మకి తెలియడానికి రెండు వీధులు చాలు.

చట్టం సంగతి అప్పుడు నాకు తెలియదు, తర్వాత చదివాను. 2017లో పార్లమెంటు హెచ్ఐవి చట్టం చేసింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మనిషికి చెప్పి, ఒప్పుకున్నాకే ఆ పరీక్ష చెయ్యాలి, ముందూ వెనకా కౌన్సెలింగ్ ఇవ్వాలి, ఫలితం బయటపెట్టకూడదు. 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది అదే నెల 6న. అంటే నాలుగు రోజుల తేడాలో దేశం నాకు రెండు మాటలిచ్చింది: నువ్వు నేరస్థుడివి కాదు, నిన్ను అడక్కుండా నీ రక్తంలో ఆ జబ్బు వెతకరు. మొదటి మాట టీవీలో ఇంద్రధనుస్సు జెండాలతో వచ్చింది. రెండో మాట ఎవరికీ వినబడినట్టు లేదు.

రిపోర్ట్ నెగటివ్. ఆయన మొహంలో కొంచెం నిరాశ కనిపించిందని అంటే అన్యాయం అవుతుంది, అనను. "కొన్నిసార్లు మొదట్ల పడదు. మూడు నెలలాగి మళ్ళ చేయిద్దాం" అని ఐదు రోజుల యాంటీబయాటిక్ రాశాడు. వైరస్ సోకిన మొదట్లో పరీక్షకి దొరక్కపోవచ్చు, అది నిజమే. కానీ నా మెడ మీద గడ్డ? అది హెచ్ఐవి ఖాతాలో పడిపోయింది. లేని జబ్బు ఖాతాలో. ఇక దాని గురించి ఎవరూ ఆలోచించనక్కర్లేదు.

నేనూ ఆలోచించలేదు. ఈ భాగం రాయడానికి సిగ్గుగా ఉంది. ఆయన అనుమానాన్ని నేను నమ్మాను. నాలుగేళ్ళుగా ఒక్కడితో ఉంటున్నానని నాకు తెలుసు, ఇద్దరం అంతకుముందే టెస్ట్ చేయించుకున్నామని తెలుసు, నెగటివ్ రిపోర్ట్ చేతిలో ఉంది. అయినా రాత్రిళ్ళు చెమటతో లేచి కూర్చున్నప్పుడు, నాలాంటివాడికి చివరికి ఇదే కదా వస్తుంది అనుకునేవాణ్ణి. చిన్నప్పుడు మా బస్టాండ్ దగ్గర పులిరాజా హోర్డింగ్ ఉండేది. పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా అని అడిగే ఆ హోర్డింగులు మా తరం వాళ్ళెవరూ మర్చిపోరు. ముంబై రోడ్డు మీద ఊరు మాది, లారీలు ఆగే ఊరు. పులిరాజా అంటే మాకు లారీ డ్రైవర్. పెళ్ళయి, దారిలో ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళేవాడు. నిజానికి మన దేశంలో ఈ వైరస్ ఎక్కువగా పాకింది ఆడా మగా మధ్యనే. అది చెప్పడానికే ఆ హోర్డింగ్. మగవాళ్ళతో ఉండే మగవాళ్ళలో మిగతా జనం కంటే ఆ శాతం ఎక్కువన్నదీ నిజమే, నేను కాదనను. ఆ టెస్ట్ రాయడం తప్పు కాదని అందుకే అంటాను. నన్నొక మాట అడిగి రాయాల్సింది. రాశాక, గడ్డ ఇంకా అక్కడే ఉందని గుర్తుంచుకోవాల్సింది.

రెండు నెలలు పోయాయి. ఆరు కిలోలు తగ్గాను. డిసెంబర్‌లో మా వాడు, అంటే నా పార్ట్‌నర్, ఆఫీసుకి సెలవు పెట్టి నన్ను హైదరాబాద్‌లో ఇంకో డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు. ఈవిడా అదే ప్రశ్న అడిగింది. ఈసారి అబద్ధమే చెబుదామనుకున్నాను, పక్కన వాడు కూర్చున్నాడు కాబట్టి కుదరలేదు. ఆవిడ తల ఊపి రాసుకుని, "రాత్రి చెమటలు పడుతున్నాయా? ఇంట్లో ఎవరికైనా టిబి ఉండేదా?" అంది. అంతే. మన దేశంలో ఈ వయసులో మెడ గడ్డ, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం అంటే ముందు గుర్తు రావాల్సింది అదే అంది. ప్రపంచంలో టిబి వచ్చేవాళ్ళలో నాలుగోవంతు కంటే ఎక్కువమంది ఇక్కడే ఉన్నారు. ఏ ఎంబిబిఎస్ విద్యార్థినడిగినా చెబుతాడు. ఆ మొదటి డాక్టరుకీ తెలుసు. పరదా అవతల నుంచి మామూలు కుర్రాడు ఎవడొచ్చినా ఆయన టిబి అనే అనేవాడు. నేను చెప్పిన ఒక్క మాట ఆయన చదువుని మరిపించింది.

గడ్డలోకి సన్న సూది గుచ్చి నీరు తీశారు. నాలుగో రోజుకి తేలింది. మా నానమ్మ దీన్ని గండమాల అనేది. దర్గా దగ్గర తాయెత్తు కట్టించేవాళ్ళట.

మా ఫ్లాట్‌లో పైన ఉండే స్నేహితుడు డాక్టరు. వాణ్ణి అడిగాను, మీకు కాలేజీలో మా గురించి ఏం చెప్తార్రా అని. కాసేపు నవ్వి, ఫోరెన్సిక్ పుస్తకంలో ఒక చాప్టర్ ఉండేది అన్నాడు. అసహజ నేరాలు. 377 సెక్షన్ కింద వచ్చేవి. అలవాటుపడిన మనిషిని ఎలా గుర్తుపట్టాలో, ఒంట్లో ఏ భాగం ఏ ఆకారంలో ఉంటుందో లక్షణాలు రాసి ఉంటాయట, పరీక్షకి అయిదు మార్కులకి బట్టీ పట్టేవాళ్ళట. ఆ లక్షణాల పట్టిక మూలం వెతుక్కుంటూ పోతే 1857లో తార్దియూ అనే ఫ్రెంచి డాక్టరు రాసిన పుస్తకం దగ్గర తేలాను. మెకాలే శిక్షాస్మృతి 1860ది. మా డాక్టరు ఏ సంవత్సరంలో చదువుకున్నాడో తెలియదు గానీ, ఆయన నన్ను చూసిన కళ్ళజోడు మాత్రం ఆ కాలానిది. ఆయన వైద్యం చదివాడు, పేషెంటుగా నేను ఆ చదువులో ఎక్కడా లేను. నేరం చాప్టర్‌లో ఉన్నాను, హెచ్ఐవి చాప్టర్‌లో ఉన్నాను. జలుబు చాప్టర్‌లో లేను.

మారడం లేదా అంటే మారుతోంది, ఒక అడుగు ముందుకీ ఒకటి వెనక్కీ. 2021లో మద్రాస్ హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేష్ ఒక లెస్బియన్ జంట కేసు వింటూ ఈ పుస్తకాల సంగతి పట్టించుకున్నాడు. నేషనల్ మెడికల్ కమిషన్ ఆ పాఠాలు సరిచెయ్యమని కాలేజీలకి చెప్పింది. 2022లో, మమ్మల్ని 'మార్చే' వైద్యం చేస్తే అది డాక్టరుగా దుష్ప్రవర్తన అంది. అదే కమిషన్ 2024 ఆగస్టు ఆఖర్లో విడుదల చేసిన కొత్త సిలబస్‌లో పాత చాప్టర్ మళ్ళీ లేచి కూర్చుంది. గొడవైతే వారంలోపే వెనక్కి తీసుకున్నారు. అప్పటికి నా మందులు పూర్తయి రెండు నెలలు. ఆ వార్త చదువుతూ తెలియకుండానే మెడ తడుముకున్నాను.

టిబి అని తేలాక సర్కారు లెక్కలో పేరెక్కించారు, నెలకి అయిదొందలు బ్యాంకులో పడ్డాయి. టిబి ఉన్న ప్రతివాళ్ళకీ హెచ్ఐవి పరీక్ష కూడా చేస్తారని చెప్పి, ఒక సర్కారు దవాఖానాలో కౌన్సెలింగ్ గదికి పంపారు. బయట కుర్చీల్లో ఏడెనిమిది మంది. ఒక గర్భిణి, ఆమె అత్త, ఖాకీ చొక్కా మనిషి ఒకడు, ఒక హిజ్రా. ఖాళీ కుర్చీ ఆమె పక్కనే ఉంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "కూసో బేటా. అంటుకోదు" అంది.

కూర్చున్నాను. చెవులు మండాయి. గ్లవ్స్ తొడుక్కున్న చేతుల గురించి రెండు నెలలుగా లోపల లోపల ఉపన్యాసాలిచ్చుకుంటున్నవాణ్ణి నేను. వాళ్ళలాంటివాణ్ణి కాదని, చదువుకున్నవాణ్ణని, ఒక్కడితోనే ఉంటానని ఎవరికి రుజువు చెయ్యడానికి నిలబడ్డానో. ఆమె ఫోన్లో యూట్యూబ్ చూసుకుంటోంది, నా సంగతి అప్పుడే మర్చిపోయింది. 2022 చివర్లో ఉస్మానియాలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు, ప్రాచి రాథోడ్, రూత్ జాన్‌పాల్, ఉద్యోగంలో చేరిన వార్త చదివి నేనే స్టేటస్ పెట్టుకున్నాను. పేషెంట్లు రారేమోనని వాళ్ళలో ఒకరిని అంతకుముందు ఒక ప్రైవేటు ఆసుపత్రి మానిపించిందని చదివి కోపం కూడా తెచ్చుకున్నాను.

లోపల కౌన్సెలర్‌కి యాభై ఏళ్ళుంటాయి. తలుపు వేసింది. పరీక్ష ఏంటో, ఎందుకో, వద్దంటే వద్దనొచ్చని చెప్పింది. తర్వాత రిజిస్టర్ తిప్పుతూ, టీనా కాఫీనా అన్నంత మామూలుగా "ఆడవాళ్ళతోనా, మగవాళ్ళతోనా, ఇద్దరితోనా?" అంది. మగవాళ్ళతో అన్నాను. "కండోమ్ వాడతరా?" అంది. చెప్పాను. "మంచిది. టిబి మందులు మధ్యలో ఆపకు. మూత్రం ఎర్రగ వస్తది, భయపడకు" అంది. సూది అదే, టెస్ట్ అదే. ఫలితం కూడా అదే.

ఇంకొక చిన్న సంగతి. మా ఆఫీసులో ఏటా రక్తదాన శిబిరం పెడతారు. 2017 నాటి మార్గదర్శకాల ప్రకారం మగవాళ్ళతో సంబంధం ఉన్న మగవాడు రక్తం ఇవ్వకూడదు, ఎన్ని నెగటివ్ రిపోర్టులున్నా సరే. దాని మీద సుప్రీంకోర్టులో కేసు నడుస్తోంది. నేను ప్రతి ఏడూ ఆ రోజు తలనొప్పి తెచ్చుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ బాధ లేదు. టిబి తగ్గాక కూడా కొంతకాలం ఇవ్వకూడదట, గర్వంగా చెప్పుకుంటున్నాను. మా తాతల కాలంలో దాచుకున్న జబ్బు నాకిప్పుడు పరువైన సాకు.

టిబి సంగతి ఫోన్లో చెప్పిన మర్నాడే అమ్మ హైదరాబాద్ వచ్చేసింది. నాన్న రాలేదు. ఆల్విన్ నిస్సాన్ రోజుల్లో చేరి, అది మహీంద్రా అయ్యాక రిటైరైన మనిషి ఆయన. ఫ్యాక్టరీ లేకపోయినా జహీరాబాద్ దాటడు. అమ్మ జొన్నపిండి, పల్లీలు, రెండు డజన్ల నాటుకోడి గుడ్లు మోసుకొచ్చింది. మా వాణ్ణి తనకి రూమ్మేట్‌గా తెలుసు.

రెండో రోజు పొద్దున బాల్కనీలో చిన్నమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది. గొంతు తగ్గించే అలవాటు లేదు. "టిబినే అట. అవ్, టిబినే. ఆరు నెలలు మందులు మింగితే పోతదట. టిబినే" అంటోంది. పండగ కబురు చెప్పినట్టు చెబుతోంది. లోపల పడుకుని విన్నాను. దసరా నుంచి అప్పటిదాకా ఆమె నన్ను ఒక్క మాటా అడగలేదు. రోజూ రాత్రి ఫోన్ చేసి తిన్నవా, జ్వరం తగ్గిందా, అంతే. ఆ రెండు నెలలూ ఆమె ఏం మోసిందో నాకు ఆ 'నే'లో వినబడింది.

ఆ సాయంత్రం రొట్టెలు చేస్తోంది. నేను వంటింటి గడప దగ్గర స్టూల్ వేసుకుని కూర్చున్నాను. పిండి తడుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"గా దినం డాక్టర్ చేతులకు ఎందుకు తొడుక్కున్నడు?"

పరదా సందులోంచి చూసిందన్నమాట.

"ఊకెనే అమ్మా. అట్ల చూస్తరు కొందరు."

"ఫస్టు తొడుక్కోలే గదా." రొట్టె పెనం మీద వేసింది. పైన నీళ్ళు అద్దింది. "నువ్వేందో చెప్పినంక తొడుక్కున్నడు."

నేనేం మాట్లాడలేదు. రొట్టె తిప్పింది. పొంగింది.

"డాక్టర్‌కు చెప్పినవ్. నాకు చెప్పలే."

హాల్లో మా వాడు ల్యాప్‌టాప్ ముందు మీటింగ్‌లో ఉన్నాడు. వాడి గొంతు వినిపిస్తోంది. అమ్మ ఒకసారి అటు చూసి, మళ్ళీ పెనం వైపు తిరిగింది.

"గా పిలగానికి గూడ పరీక్ష చేయించినవా? దగ్గర దగ్గరనే ఉంటరు గదా."

"ఊపిరితిత్తుల్లో లేదమ్మా, ఎక్స్‌రే తీసిన్రు. మెడల ఉంటే అంటుకోదు."

"అంటుకోకుంటె మంచిదే" అని, ఇంకో ముద్ద తీసుకుంది. "ఆయన ఎన్ని తింటడు?"